అవ్వ చదివిన వంశవృక్షం

నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక అవ్వ ఉంది. త్వరలో ఆమెకు 80 ఏళ్ళు నిండుతాయి.

అవ్వ చిన్నప్పుడు బడికి పోలేదు. 1991లో ఊళ్ళో రాత్రి బడి పెట్టారు. 35 ఏళ్ళ లోపు వాళ్ళు రావాలన్నారు. అవ్వకు అప్పటికే 45 వచ్చాయి. అయినా వచ్చి లాంతరు దగ్గర కూర్చుంది. ఎవరూ లేపలేదు. ఆరు నెలల్లో తన పేరు రాసింది. ఏడాదికి బస్సు బోర్డు చదివింది. ఇప్పుడు కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతుంది. పెద్ద అక్షరాలు ముందు చదువుతుంది. చిన్న అక్షరాలు ఓపిక ఉంటే చదువుతుంది.

ఒక గురువారం అమెరికా నుంచి మనవడు ఫోను చేశాడు. అవ్వ పెద్దకొడుకు కొడుకు. డల్లాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు.

"అవ్వా, నీ 80 ఏళ్ళ పండక్కి ఒక కానుక చేసినా. ఇంటర్నెట్‌లో మన వంశవృక్షం పెట్టినా. అంతా తెలుగులోనే రాసినా. నువ్వే చదువుకోవచ్చు."

"అదేందిరా, చెట్టా?"

"మన ఇంటి చెట్టు అవ్వా. ఎవరికి ఎవరు పుట్టినారో అంతా బొమ్మలాగా ఉంటుంది. ఆదివారమే మన చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టినా. అందరూ చూస్తుండారు."

ఇంట్లో చిన్నకొడుకు కూతురు ఉంది. డిగ్రీ చదువుతోంది. ఆ పిల్ల ఫోనులో వంశవృక్షం తెరిచింది. అక్షరాలు పెద్దవి చేసి అవ్వ చేతికిచ్చింది.

అవ్వ వేలు పెట్టి చదివింది. పైన తన తాత పేరు ఉంది. కింద నాన్న పేరు. నాన్న పేరు పక్కన ఒక గీత. గీత చివర అమ్మ పేరు.

అవ్వ అక్కడ ఆగింది. మళ్ళీ చదివింది.

అమ్మ పోయి 60 ఏళ్ళు దాటింది. ఆమె పేరున పొలం లేదు. ఆమెకు రేషన్ కార్డు లేదు. ఆమె పేరు ఎక్కడా రాసి ఉండగా అవ్వ చూడలేదు. ఇదే మొదటిసారి.

"ఇది మా అమ్మ పేరే," అంది మనవరాలితో. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది.

తర్వాత కిందికి వచ్చింది. తన పేరు. తన పిల్లల పేర్లు. వాళ్ళ పిల్లల పేర్లు. ప్రతి పేరు కిందా పుట్టిన తేదీ ఉంది. ఊరు ఉంది. ఫొటో ఉంది. చిన్న కూతురి గడి దగ్గర ఇంకో మాట ఉంది. చిన్న అక్షరాల్లో ఉంది. అవ్వ ఓపికగా చదివింది.

"పెంపుడు కొడుకు." దాని పక్కన "కన్నతల్లి" అని రాసి, ఒక గీత పెద్ద కూతురి దాకా పోయింది.

అవ్వ ఫోను కింద పెట్టేసింది.

చిన్న కూతురికి పిల్లలు పుట్టలేదు. పెద్ద కూతురు తన మూడో బిడ్డను ఆమెకిచ్చింది. నెలలు నిండని పసిగుడ్డప్పుడే ఇచ్చింది. ఇప్పుడు ఆ పిల్లోడికి 13 ఏళ్ళు. ఎనిమిదో తరగతి. పెద్దవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. పిల్లోడికి తెలియదు. పదో తరగతి అయినాక చెబుదామని ఇంట్లో అనుకున్నారు.

చుట్టాల గ్రూపులో 63 మంది ఉన్నారు. ఆ పిల్లోడు వాళ్ళమ్మ ఫోనులోనే ఆటలాడతాడు.

వంశం చెప్పేవాళ్ళు

ఇంటి చెట్టు కొత్తది కాదు. పేరే కొత్తగా వినిపిస్తుంది.

వెనుక తెలుగు పల్లెలకు వంశం చెప్పేవాళ్ళు వచ్చేవారు. పిచ్చకుంట్లవాళ్ళు అలాంటివాళ్ళు. వాళ్ళనే వంశరాజులని కూడా అంటారు. కొన్ని కులాల ఇళ్ళకు వచ్చి గోత్రాలూ ఇంటిపేర్లూ పాడి చెప్పేవారు. భట్రాజులూ అంతే. కాశీకీ గయకూ పోయినవాళ్ళకు ఇంకో అనుభవం ఉంది. అక్కడి పండాలు పాత పుస్తకాలు తీస్తారు. "మీ తాత ఫలానా ఏడు వచ్చాడు" అని చూపిస్తారు. హరిద్వార్‌లో ఇట్లాంటి పుస్తకాలు చాలా పాతవి ఉన్నాయి.

ఈ లెక్కల్లో ఆడవాళ్ళ పేర్లు తక్కువ. తండ్రి, తండ్రి తండ్రి, ఆయన తండ్రి. అట్లా పోతుంది వరస. అవ్వ అమ్మ పేరు రాసింది ఆ డల్లాస్ మనవడే. ఆ సంగతి మరిచిపోకూడదు.

ఊళ్ళో ఇంకో రకం వంశవృక్షం ఉండేది. అది ముసలమ్మల నోట్లో ఉండేది. పెళ్ళి సంబంధం వస్తే వాళ్ళనే అడిగేవారు. "వరస కుదురుతుందా? మేనరికమా? అన్నాచెల్లెళ్ళ వరస అవుతుందా?" వాళ్ళు వేళ్ళు మడిచి చెప్పేవారు.

వంశం చెప్పేవాడికి అన్నీ తెలుసు. ఎవరు దత్తత పోయారో తెలుసు. ఎవరి రెండో పెళ్ళి ఎందుకయిందో తెలుసు. అయినా అన్నీ చెప్పడు. ఎదురుగా అరుగు మీద ఎవరు కూర్చున్నారో చూస్తాడు. కొత్త కోడలుందా? పిల్లలున్నారా? అల్లుడున్నాడా? చూసి, చెప్పేది చెబుతాడు. దాచేది దాస్తాడు. గింజలు తీసుకుని పోతాడు.

ఇంటర్నెట్‌కు అరుగు మీద ఎవరున్నారో తెలియదు. పిల్లోడు చూసినా అదే చూపిస్తుంది. దొంగ చూసినా అదే చూపిస్తుంది.

వెబ్‌సైట్లు ఎట్లా పనిచేస్తాయి?

వంశవృక్షాల కోసం చాలా వెబ్‌సైట్లు ఉన్నాయి. యాన్సెస్ట్రీ, మైహెరిటేజ్, జెని, ఫ్యామిలీసెర్చ్ అనేవి పేరు పొందినవి. వీటిని మొదట ఎక్కువగా అమెరికా, యూరపు దేశాల వాళ్ళు వాడారు. సముద్రం దాటి వచ్చిన తాతముత్తాతలను వెతుక్కోవడానికి వాడారు. ఇప్పుడు తెలుగువాళ్ళూ వాడుతున్నారు. విదేశాల్లో పెరిగే పిల్లలకు "మీ ఊరు ఇది, మీ జేజి ఈమె" అని చూపడానికి ఇవి బాగా పనికొస్తాయి.

పేర్లు ఒకరు రాస్తారు. దగ్గరి చుట్టాలను పిలిచి చేర్చుకుంటారు. వాళ్ళు ఇంకొన్ని పేర్లు రాస్తారు. వేరే ఇంటివాళ్ళ చెట్టులో అదే పేరు కనిపిస్తే "ఈయనా ఆయనా ఒక్కరేనా?" అని చాలా వెబ్‌సైట్లు అడుగుతాయి. అవునంటే కొన్నిచోట్ల రెండు చెట్లు కలుస్తాయి. ఒకరి చెట్టు నుంచి ఇంకొకరు నకలు తీసుకోవడమూ ఉంది. నకలు తీశాక అసలు చెరిపినా నకలు చెరిగిపోదు. ఎరువు ఇచ్చిన చేట తిరిగి వస్తుంది. పోయిన నకలు తిరిగి రాదు.

బతికున్నవాళ్ళ వివరాలు దాచడానికి ఏర్పాట్లు ఉన్నాయి. ఫ్యామిలీసెర్చ్‌లో ఒక లెక్క పెట్టుకున్నారు. మనిషి పుట్టి 110 ఏళ్ళు దాటలేదు, పోయినట్టు రాసి లేదు అంటే, బతికున్నట్టే చూస్తారు. ఆ మనిషి వివరాలు లోకమంతటికీ చూపించరు. మిగతాచోట్ల కూడా "అందరికీ", "చుట్టాలకే", "నాకే" అని ఎంచుకోవచ్చు. ఎంచుకోవాలి మరి. డల్లాస్ మనవడు ఎంచుకోలేదు. లింకు ఉంటే ఎవరైనా చూసేటట్టు వదిలేశాడు. అందరికీ చూపాలనే ఆత్రం అతనిది.

తాళం వేసినా దొంగలు ఉన్నారు. 2018 జూన్‌లో మైహెరిటేజ్ ఒక సంగతి చెప్పింది. తమ దగ్గరున్న 9 కోట్ల 20 లక్షలకు పైగా ఖాతాల ఈమెయిళ్ళు బయటకు పోయాయని చెప్పింది. పాస్‌వర్డులు మాత్రం గుర్తుపట్టలేని రూపంలో ఉన్నాయంది. వంశవృక్షాలు వేరేచోట ఉన్నాయి, అవి పోలేదంది.

2023లో జరిగింది ఇంకా ఆలోచించాల్సింది. అమెరికాలో ట్వెంటీత్రీ అండ్ మీ అనే కంపెనీ ఉంది. డబ్బు కట్టి ఉమ్మి పంపితే పరీక్ష చేస్తుంది. "మీకు వీళ్ళు దూరపు చుట్టాలు" అని చూపిస్తుంది. కొందరు అన్నిచోట్లా ఒకే పాస్‌వర్డు వాడతారు. వేరేచోట దొంగిలించిన పాస్‌వర్డులతో దొంగలు ఇక్కడి తలుపులు తీశారు. అట్లా తెరిచినవి 14 వేల ఖాతాలు. వివరాలు పోయింది మాత్రం 69 లక్షల మందివి!

ఇదెట్లా? ప్రతి ఖాతాలోంచీ చుట్టాల వివరాలు కనిపిస్తాయి గనక. ఒక ఇంటి తలుపు తీస్తే వరసగా బంధువుల ఇళ్ళన్నీ కనిపించాయి. తాళం గట్టిగా వేసుకున్నవాడి వివరాలు కూడా పోయాయి. తాళం సరిగా వేయనిది వాడి చుట్టం. పోయినవాటిలో సుమారు 14 లక్షల మందివి వంశవృక్షం వివరాలే. పేరు, వరస, పుట్టిన ఏడు, ఊరు.

ఆ కంపెనీ 2025 మార్చిలో దివాలా కోర్టుకు పోయింది. మన వివరాలు ఇక ఎవరి చేతికి పోతాయని జనం అడిగారు. చివరికి కంపెనీ పెట్టినామెకే చెందిన మరో సంస్థ దాన్ని కొన్నది. పొలం అమ్ముడైతే పొలంలో చెట్టు కూడా పోతుంది గదా!

పల్లెలో అవ్వ వివరాలతో దొంగకు ఏం పని?

అవ్వ కూడా ఇదే అడిగింది. "నా పుట్టినరోజుతో ఎవడికేం పనే?"

మనవరాలు ఒక మాట చెప్పింది. "అవ్వా, బ్యాంకోళ్ళు ఫోనులో ఏం అడుగుతారు? పుట్టిన తేదీ, అమ్మ పేరు. కొన్నిచోట్ల అమ్మ పుట్టింటి ఇంటిపేరు అడుగుతారు. అవన్నీ ఇందులో ఉండాయి."

పెళ్ళయితే ఆడపిల్ల ఇంటిపేరు మారుతుంది. పాత ఇంటిపేరు బయటివాళ్ళకు తెలియదు. అందుకే దాన్ని గుర్తుగా అడుగుతారు. వంశవృక్షంలో రెండు ఇంటిపేర్లూ పక్కపక్కనే ఉంటాయి.

ఇంకో మోసం ఉంది. ఫోను మోగుతుంది. "అవ్వా, నేను. గుర్తుపట్టలేదా?" అంటాడు. ఏడుస్తున్నట్టు మాట్లాడతాడు. ప్రమాదం జరిగింది, ఆసుపత్రిలో డబ్బు కట్టాలి అంటాడు. ముసలివాళ్ళు కంగారులో మనవడి పేరు వాళ్ళే చెప్పేస్తారు. ఇప్పుడు పేరు చెప్పాల్సిన పని కూడా లేదు. మనవడి పేరు, ఉండే ఊరు, అత్త పేరు చెట్టులోనే చూసుకోవచ్చు. గొంతును అనుకరించే యంత్రాలు కూడా వచ్చాయి. ఇట్లాంటి ఫోను వస్తే పెట్టేయాలి. మనవడి అసలు నంబరుకు మనమే చేయాలి. డబ్బు పోయిందంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి. అది దేశమంతటికీ ఒకటే నంబరు.

ఇంతలో మనవరాలు ఇంకోటి చూసింది. వంశవృక్షంలో "పాత పత్రాలు" అని ఒక పెట్టె ఉంది. దాంట్లో 1974 నాటి దస్తావేజు ఫొటో ఉంది. ఎకరా నేల అమ్మిన కాగితం. దాని కింద అవ్వ వేలిముద్ర ఉంది. నల్లగా, స్పష్టంగా ఉంది.

అది చూసి అవ్వకు నవ్వొచ్చింది. "అప్పుడు నాకు సంతకం రాదు గదా," అంది.

నవ్వే సంగతి కాదు అది. 2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాలో ఒక కేసు బయటపడింది. భూమి రిజిస్ట్రేషన్ పత్రాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. వాటి మీద వేలిముద్రలు ఉన్నాయి. సిమ్ కార్డులమ్మే ఒక మనిషి ఆ ముద్రలకు నకళ్ళు చేశాడు. వాటితో వేల సిమ్ కార్డులు తీశాడు. ఆ పేర్లు గలవాళ్ళకు ఏమీ తెలియదు. తర్వాత ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో కూడా ఇట్లాంటి దొంగతనాలు తెలుగు రాష్ట్రాల్లో జరిగాయి.

సంతకం మార్చుకోవచ్చు. వేలిగీతలు మార్చుకోలేం. రేషన్ షాపు మిషన్ మాత్రం అవ్వ వేలును మూడుసార్లు తుడిపిస్తుంది! అది వేరే బాధ.

ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేసుకోవచ్చు. తాళం ఉంటే వేలు పెట్టినా పని జరగదు. దొంగకే కాదు, మనకూ జరగదు. రేషన్‌కు పోయేముందు తాళం తీసుకోవాలి. ఇంట్లో ఫోను తెలిసినవాళ్ళు ఉంటే చేసి పెడతారు.

చట్టం ఏమంటుంది?

సొంత సంగతులు సొంతంగా ఉంచుకోవడం మనిషి హక్కు. దీన్ని గోప్యత హక్కు అంటారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు ఇది ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఒకే మాట అన్నారు. ఈ కేసు వేసినాయన కె.ఎస్. పుట్టస్వామి. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి విరమించినాయన. 2012లో కేసు వేసేనాటికి ఆయనకు 86 ఏళ్ళు. అవ్వ కంటే పెద్దాయన!

2023లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. మనుషుల వివరాలు తీసుకునే కంపెనీలు, ఆఫీసులు ఎట్లా నడుచుకోవాలో అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. చట్టం ఒక్కో భాగంగా అమలవుతుంది. చెరిపేయమని అడిగే హక్కు ఇందులో ఉంది. 18 ఏళ్ళ లోపు పిల్లల వివరాలకు తల్లిదండ్రుల ఒప్పుదల కావాలని ఉంది.

అయితే ఒక మెలిక. ఒక మనిషి తన ఇంటి అవసరానికి రాసుకునే వివరాలకు ఈ చట్టం వర్తించదు. మేనల్లుడు ఇంటి కోసం వంశవృక్షం రాసుకుంటే "ఎందుకు రాశావు?" అని ఏ ఆఫీసూ అడగదు. అడగాల్సింది ఇంట్లోవాళ్ళే.

అవ్వ ఫోను చేసింది

మర్నాడు పొద్దున్నే అవ్వ డల్లాస్‌కు ఫోను చేయించింది.

"అబ్బయ్యా, చదివినా. మా అమ్మ పేరు రాసినావు. నాకు చాలా సంతోషమైంది. ఇంక ఒక మాట అడగతా. చిన్నత్త కొడుకు దగ్గర ఆ మాట ఎందుకు రాసినావు?"

మనవడు కాసేపు మాట్లాడలేదు. "ఉన్నదే రాసినా గదా అవ్వా. అందరికీ తెలిసిందే గదా!"

"తెలిసినోళ్ళకు తెలుసు. ఎవడికి తెలియాల్నో వాడికి తెలీదు. వాడికి ఎవరు చెప్పాల? నీ చెట్టు చెప్పాల్నా, వాళ్ళమ్మ చెప్పాల్నా?"

మనవడికి బాధ కలిగింది. రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని చేశాడు. పాత ఫొటోలు సేకరించాడు. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు అవ్వే తప్పంటోంది. "అయితే మొత్తం తీసేస్తాలే," అన్నాడు కోపంగా.

"అంతా తీయమన్నానా? మా అమ్మను తీయొద్దు. పోయినోళ్ళను ఉంచు. బతికుండేవాళ్ళను ఒక్కొక్కర్నీ అడుగు. అడిగి పెట్టు."

సాయంత్రానికి చెట్టుకు తాళం పడింది. ఇంటివాళ్ళకే కనిపించేటట్టు మార్చాడు. బతికున్నవాళ్ళ పుట్టిన తేదీలు తీసేశాడు. దస్తావేజు తీసేశాడు. పిల్లల ఫొటోలు తీసేశాడు. కానీ బెంగుళూరులో ఒక చిన్నాయన అప్పటికే నకలు తీసి తన చెట్టులో కలుపుకున్నాడు. ఆయన ఒక పట్టాన వినలేదు. "చరిత్ర దాచితే ఎట్లా?" అన్నాడు. ఆయన చేత తీయించడానికి నాలుగు రోజులు పట్టింది.

ఒక్కొక్కరినీ అడగడం మొదలైంది. కొందరికి పట్టింపు లేదు. ఒక కోడలు మాత్రం "నా పేరుంచండి, ఊరు తీయండి" అంది. ఆమెది కులాంతర వివాహం. పుట్టింటివాళ్ళు ఇంకా కోపంగానే ఉన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు. తీసేశారు.

ఇంకో చిక్కు వచ్చింది. అవ్వ తమ్ముడు బతికున్నప్పుడు రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నాడు. మొదటి భార్య కొడుకు అవ్వకు ఫోను చేశాడు. "అత్తా, ఆ రెండో ఆమె పేరు తీసెయ్యమను. అది మా ఇంటి గుట్టు. ఎవరి గుట్టు వాళ్ళ హక్కని నువ్వే చెబుతుండావంట గదా!"

అవ్వ ఆలోచించింది. ఇతనడిగేది గోప్యతేనా? కాదు. పిల్లోడి సంగతి వేరు, ఇది వేరు. ఇతను దాచమనేది తన సంగతి కాదు. ఇంకొక మనిషిని.

"ఆమె బతికే ఉంది గదా నాయనా. ఆమెనడుగుదాం," అంది.

రెండో మరదలు ఒంగోలులో కూతురి దగ్గర ఉంది. అవ్వ ఫోను చేసింది. వంశవృక్షం సంగతి చెప్పింది. అవతల చాలాసేపు మాట లేదు.

"వదినా, నా పేరు రాసుండారా?"

"రాసుండారు. నీ మొగుడి పక్కనే గీత గీసుండారు. తీయమంటావా?"

"వద్దొదినా. ఉండనీ. ఊరు మాత్రం రాయొద్దని చెప్పు. మనవరాలికి సంబంధాలు చూస్తుండారు."

పేరు ఉంది. ఊరు లేదు. మొదటి భార్య కొడుక్కి కోపం వచ్చింది. పదిరోజులు ఫోను చేయలేదు.

ఆదివారం

మిగిలింది పిల్లోడి సంగతి. లింకు గ్రూపులో ఐదు రోజులు ఉంది. ఎవరు చూశారో తెలియదు. రేపు బడిలో ఎవరైనా అనొచ్చు. పదో తరగతి దాకా ఆగడానికి లేదు. చిన్న కూతురూ అల్లుడూ అవ్వ దగ్గరికి వచ్చారు. పెద్ద కూతురూ వచ్చింది. ఏం చెప్పాలో, ఎట్లా చెప్పాలో రాత్రంతా మాట్లాడుకున్నారు. చిన్న కూతురు అసలు నిద్రపోలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ వరండాలో కూర్చున్నారు. వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. చిన్న కూతురు మొదలుపెట్టింది. "నాయనా, నీకొక సంగతి చెప్పాల..." అంది. ఆపైన గొంతు రాలేదు.

పిల్లోడు తలెత్తలేదు. కాయ ఒలుస్తూనే ఉన్నాడు.

"నాకు తెలుసులేమ్మా. సోమవారమే చూసినా."

ఎవరూ మాట్లాడలేదు.

"ఆరు రోజులు ఎట్టా ఉన్నావురా, అడక్కుండా?" అన్నాడు తండ్రి.

"మీరే చెబుతారేమోనని చూస్తుండా."

చిన్న కూతురు వాణ్ణి దగ్గరికి తీసుకుంది. పెద్ద కూతురు చేతిలో కాయలు పక్కన పెట్టి కూర్చుంది. దగ్గరికి పోవాలో వద్దో ఆమెకు తెలియలేదు. చాలాసేపటికి పిల్లోడు అవ్వ వైపు చూశాడు.

"అమ్మమ్మా, నేనింక పెద్దమ్మోళ్ళ ఇంటికి పోవాల్నా?"

"ఎందుకు పోవాల? మీ ఇల్లు మీ ఇల్లే. పెద్దమ్మ పెద్దమ్మే. నేను ఎటు లెక్కేసినా నీకు అమ్మమ్మనే!"

అప్పుడు వాడు కొంచెం నవ్వాడు.

సాయంత్రం అవ్వ ఒక పెద్ద చార్టు కాగితం తెప్పించింది. ఇంటర్నెట్‌లో చెట్టు ఇంటర్నెట్‌లో ఉంది. ఇది తన చేత్తో రాసుకునేది. పైన తన అమ్మ పేరు తనే రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి. పిల్లోడు స్కేలు పట్టుకుని గీతలు గీశాడు. తన పేరు దగ్గరికి వచ్చి ఆగాడు.

"అమ్మమ్మా, నాకు రెండు గీతలు గియ్యొచ్చా?"

"నీ పేరు, నీ ఇష్టం. గియ్యి."

గీశాడు. ఒకటి పెన్నుతో, ఒకటి పెన్సిలుతో.

"దీన్ని గోడకు అంటిద్దామా, పెట్టెలో పెడదామా?" అని అవ్వ అడిగింది.

పిల్లోడు కాసేపు చూశాడు. "ఇప్పటికి పెట్టెలో పెట్టు," అన్నాడు.

చేసి చూడండి

ఒక కాగితం తీసుకోండి. మీ అమ్మ పేరు రాయండి. ఆమె అమ్మ పేరు రాయండి. ఆమె అమ్మ పేరు తెలుసా? తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి.

బతికున్నవాళ్ళ పేర్ల చుట్టూ ఒక సున్నా చుట్టండి. ఈ కాగితాన్ని ఊళ్ళో అందరికీ చూపాలంటే వాళ్ళలో ఎవరెవరిని అడగాలి? ఎవరు ఏం తీయమనవచ్చు?

మొదటి భార్య కొడుకు అడిగినదానికీ, కోడలు అడిగినదానికీ తేడా ఏమిటి? మీ కేంద్రంలో మాట్లాడుకోండి.